సగటు సరిపోతే చాలదు, మంత్రి గారూ

గౌరవనీయులైన శాస్త్ర సాంకేతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. గామా కిరణాలు పుట్టించే మన కేంద్రం డిజైన్‌లో చేసిన మార్పుల గురించి ఇది నాలుగో లేఖ. మొదటి మూడింటికీ ‘పరిశీలనలో ఉంది’ అన్న ఒక్క జవాబే వచ్చింది. పరిశీలించేవారి శ్రమ తగ్గుతుందని ఈసారి లెక్కలు కూడా మేమే వేసి పంపుతున్నాం.

ఈ కేంద్రంలో లేజర్, ఎలక్ట్రాన్ గుంపులు ఢీకొని గామా కిరణాలు పుడతాయి. కొత్త డిజైన్‌లో ఆ ఢీల రేటును సెకనుకు లక్షల నుంచి పదికి దించేశారు. ఒక్కో పల్స్‌లో, అంటే ఒక్కో ఢీకి వచ్చే విడతలో, ఫోటాన్లు (గామా రేణువులు) పెంచాం, సెకనుకు సగటు మారలేదు కదా అని కమిటీ వాదన. నెల రోజుల వాన ఒక్క గంటలో కురిసినా సగటు మారదండీ, చెరువు గట్టే మిగలదు.

గామాల శక్తి ఎంతో చెప్పే జర్మేనియం స్ఫటికపు డిటెక్టర్ ఒక గామాను కొలిచి తేరుకోవడానికి పదుల మైక్రోసెకన్లు పడుతుంది. మీ పల్స్ మొత్తం కొన్ని పికోసెకన్లలో (పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు) అయిపోతుంది. అందులో రెండు గామాలు పడితే డిటెక్టర్ రెండింటినీ కలిపేస్తుంది. 2.12, 2.32 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల (ఇది శక్తి కొలమానం) గామాలు వస్తే 4.44 అని చూపిస్తుంది. బోరాన్-11 కేంద్రకాన్ని గుర్తుపట్టే గామా గీత ఉండేదీ అక్కడే! ఏది నిజమో ఎవరు తేల్చాలి? ఈ బెడద తప్పాలంటే పది పల్సులకు ఒక్క గామా మాత్రమే డిటెక్టర్‌లో పడేలా పుంజాన్ని తగ్గించుకోవాలి. అంటే సెకనుకు ఒకటి. వందలో ఒకటి మనకు కావలసిన శక్తి దగ్గర గ్రాఫులో లేచే శిఖరంలో పడుతుందనుకుంటే, అక్కడ పది వేలు పోగయ్యేసరికి పదకొండున్నర రోజులు. అదే డిటెక్టర్ మెగాహెర్ట్జ్ (సెకనుకు పది లక్షల) ఢీలతో సెకనుకు వేలల్లో లెక్కిస్తుంది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రాన్లను తిప్పుతూ పదేపదే ఢీకొట్టించే నిల్వ వలయాన్ని వాడేది ఊరికే కాదు. కోట్ల ఫోటాన్లు పుట్టించి, అడ్డు పలకలు పెట్టి పారబోయడానికా ఇంత కట్టడం?

రేడియోగ్రఫీకి (వస్తువుల లోపలి బొమ్మలు తీయడానికి) ఈ పల్సులు బాగానే పనికొస్తాయి, కాదనం. మంజూరైంది దానికి కాదు.

పొదుపు పేరిట కొలిమేటర్‌నూ (గామా పుంజాన్ని సన్నని రంధ్రం గుండా పంపే దిమ్మ) రాగి నుంచి సీసానికి మార్చారు. 500 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్ పుంజానికి 532 నానోమీటర్ల లేజర్ ఎదురైతే గామా శక్తి 8.8 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల దాకా వెళ్తుంది. సీసం-208 నుంచి న్యూట్రాన్ ఊడిరావడానికి 7.37 చాలు. రాగికైతే 9.9 కావాలి. ఆ న్యూట్రాన్లు తగిలి పాడయ్యేది మళ్ళీ ఆ జర్మేనియం స్ఫటికమే.

దయచేసి పాత ఢీల రేటు పునరుద్ధరించండి. రాగి కొలిమేటర్ ఇప్పించండి. రెండూ కుదరకపోతే పథకం పేరులోంచి ‘కేంద్రక భౌతిక ప్రయోగాల కోసం’ అన్న మాటైనా తీయించండి, ఐదో లేఖ రాసే పని మాకు తప్పుతుంది.

ఇట్లు,
ప్రయోగ బృందం సభ్యులు