ఒంగోలు హోము సంగతి

నెల్లూరు, వేదాయపాళెం

చిరంజీవి సౌభాగ్యవతి సుజీని అమ్మ దీవించి రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ నాన్న మోకాళ్ళు అట్టాగే ఉన్నాయి, పొద్దున నడక మాత్రం మానలేదు. బుజ్జిగాడికి దగ్గు తగ్గిందా? తలస్నానం చేసిన తడితో ఫ్యాను కింద పడుకోనీయొద్దు. సంక్రాంతి తర్వాత నువ్వు సరిగ్గా మాట్లాడిందే లేదు, చేసినా 'మళ్ళీ చేస్తానమ్మా' అని పెట్టేస్తున్నావు. అందుకని తీరిగ్గా ఉత్తరం రాస్తున్నా. ప్రత్యేకించి విషయమేం లేదు.

మొన్న సింగరాయకొండ పెళ్ళిలో రమణమ్మ కనపడింది. మీ అత్తగారిని, అదే కోటేశ్వరమ్మ వదినని, మీరు ఒంగోల్లో ఏదో వృద్ధుల హోములో చేరుస్తున్నారంట, అడ్వాన్సు కూడా కట్టేశారంట, వదినకేమో 'కాలికి ఫిజియోథెరపీ, నెలరోజులే' అని చెప్పారంట. రమణమ్మ మాటల్లో సగం తీసెయ్యాలని నాకూ తెలుసు. ఒకవేళ నిజమైనా నేను తప్పుపట్టను. మీ ఇద్దరివీ ఉద్యోగాలు, మీ ఇల్లేమో మూడో అంతస్తు, ఆమె తుంటి ఆపరేషనయిన మనిషి. పగలంతా తలుపేసుకుని ఒంటరిగా ఉండేకన్నా నలుగురున్న చోట ఉండటమే మేలు కావచ్చు. ఆమెకి నిజం చెప్పారా లేదా, అది మాత్రం రాయి.

శీనుతో మొలగొలుకుల బియ్యం, గోంగూర పచ్చడి పంపుతున్నా. పచ్చడి ప్లాస్టిక్ డబ్బాలో పొయ్యొద్దు, జాడీలోకి తియ్యి.

ఎటూ హోముల మాటొచ్చింది గదా, మీరు చేర్చినా చేర్చకపోయినా కొన్ని తెలుసుకుని ఉండు. ఇన్నేళ్ళు వార్డుల్లో పనిచేసినదాన్ని, నేను చెప్పక ఎవరు చెప్తారు? ఎవరైనా ముందు హాలు, పూజగది, టీవీ, పూలమొక్కలు చూపిస్తారు. 'మంచం దిగలేని వాళ్ళు ఏ గదిలో ఉన్నారండీ' అని అడిగి నేరుగా అక్కడికి పో. ఇవాళ వాకరుతో నడిచే మనిషి నాలుగు రోజులు జ్వరమొస్తే ఆ గదిలోకే పోవాలి. అక్కడ వాళ్ళ గోళ్ళు చూడు, నాలుక తడిగా ఉందా చూడు, మంచినీళ్ళ గ్లాసు చెయ్యి చాపితే అందుద్దా చూడు. బెల్లు తాడు పైన కొక్కేనికి చుట్టేసి ఉందంటే రాత్రి పిలిచినా పలికేవాళ్ళు లేరనే. ఒక మంచం దగ్గర ఉచ్చ వాసన వస్తే ఇప్పుడే పోసుకున్నారనుకోవచ్చు, గదంతా పరుపుల్లోంచి వస్తుంటే అది ఎన్నాళ్ళ తడో. ఫినాయిలు గుప్పుమన్నా నమ్మొద్దు. పగలు పదకొండింటికి అందరూ మత్తుగా పడి ఉంటే నిద్రమాత్రలు ఎవరు రాశారో, చీటీ చూపించమను.

తర్వాత రాత్రి లెక్క అడుగు. 'మా దగ్గర ఇరవైమంది స్టాఫండీ' అంటారు. అందులో వంటవాళ్ళు, డ్రైవరు, వాచ్‌మన్ అందరూ ఉంటారు. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మెలకువగా ఉండేది ఎంతమంది, వాళ్ళలో జీఎన్ఎమ్మో ఏఎన్ఎమ్మో, అంటే నర్సు చదువు చదివినవాళ్ళు ఎవరు, అది కావాలి మనకి. కదల్లేని మనిషిని పక్కకి తిప్పి, తడి చూసి, గుడ్డ మార్చి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టాలంటే ఇద్దరికి పది నిమిషాలు పడుద్ది. రెండు గంటలకోసారి తిప్పాలి, లేకుంటే ఒత్తుకుని పుండ్లు పడతాయి. అట్టాంటి వాళ్ళు 12 మంది ఉంటే ఆ ఇద్దరికీ రెండు గంటలూ దానికే సరి, చివరి మంచం అయ్యేసరికి మొదటి మంచానికి మళ్ళీ వేళవుద్ది. ఒకే ఆయా ఉందంటే ఎవర్నీ తిప్పడం లేదన్నమాట, చార్టులో ఏం రాసున్నా సరే.

చార్టంటే, హిందీ మాస్టారి సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు. పక్షవాతం వచ్చాక వాళ్ళబ్బాయి గోపీ ఆయన్ని ఒక హోములో పెట్టాడు, పేరెందుకులే. విజయవాడ నుంచి నెలకోసారి ఆదివారం పినాకిని రైల్లో వచ్చి దిగి, ముందు ఫోను చేసి మరీ పోయేవాడు. పోయేసరికి స్నానం చేయించి, గడ్డం గీసి, ఇస్త్రీ పంచె కట్టి, విభూతి పెట్టి కుర్చీలో కూర్చోబెట్టి ఉండేవాళ్ళు. వీడు బత్తాయి తొనలు ఒలిచి పెట్టి, గంటసేపు కూర్చుని వచ్చేవాడు. మనిషి తగ్గిపోతున్నాడేంటంటే 'వయసు గదా సార్' అనేవాళ్ళు. మిగతా రోజుల్లో వీడియో కాల్. అందులో ముఖం తప్ప ఇంకేం కనపడుద్ది? ఒకసారి ఆఫీసు పనిమీద గూడూరు పోయి, తిరిగొస్తా చెప్పకుండా రాత్రి తొమ్మిదింటికి దిగాడు. గేటు తియ్యడానికే చాలాసేపు పట్టింది. రెండంతస్తులకీ కలిపి ఒకటే పిల్ల, ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. మాస్టారు వెల్లకిలా పడి ఉన్నారు. ఎయిర్ బెడ్డు ఉంది, డబ్బులు వీడే కట్టాడు. దాని పంపు ప్లగ్గు పీకి ఫోను ఛార్జింగు పెట్టారు, పరుపు గాలి దిగిపోయి చేత్తో నొక్కితే చెక్క తగులుతోంది. పక్కకి ఒత్తిగిలబెట్టి చూస్తే నడుం కింద ఎముక మీద రూపాయి బిళ్ళంత నల్లటి చర్మం, దాని చుట్టూ పౌడరు ముద్దలు కట్టి ఉంది. మంచం కాళ్ళ వైపు అట్టకి తగిలించిన తిప్పుడు చార్టులో రెండు గంటలకో సంతకం. అన్నీ ఒకే పెన్ను, ఒకే చేతిరాత. రాత్రి తొమ్మిదప్పుడే మర్నాడు పొద్దున ఆరింటి సంతకం కూడా అయిపోయి ఉంది. ఆ నల్ల చర్మం కింద ఎముక దాకా చీము. ఆసుపత్రిలో కోసి శుభ్రం చేసి, రోజు విడిచి రోజు కట్టు కడితే పూడటానికి నెలలు పట్టింది. ఆ పిల్లని తిట్టి ఏం లాభం? ఒక్కతే ఎంతమందిని తిప్పుద్ది?

అందుకని చూడ్డానికి పోయినప్పుడు మడమలు, నడుం కింద ఎముక, తుంటి పక్కలు బట్ట తీసి చూడటానికి మొహమాటపడొద్దు. తెల్లటి ఒంటికి ఎరుపు తెలుస్తుంది, మన చాయకి తెలియదు. చేత్తో తాకి చూడాలి. పక్క చర్మం కన్నా వేడిగానో గట్టిగానో తగిలితే పుండు మొదలైనట్టే. అక్కడ రుద్దకూడదు, నూనె మర్దనా చేస్తామంటే వద్దను. వదినకి అంతదాకా రాకూడదనే నా కోరిక. అడ్వాన్సు నిజంగా కట్టారా?

ఇప్పటికి ఆమెకున్న ముప్పు పడిపోవడం. బాత్‌రూమ్‌లో కమోడుకి పక్కన పట్టుకునే కడ్డీ ఉండాలి. టవలు రాడ్డు చూపించి ఇదే అంటారు, దాన్ని పట్టుకుంటే గోడ నుంచి ఊడొచ్చి మనిషి మీద పడుద్ది. నీ బరువంతా వేసి లాగి చూడు. గడప ఎత్తుందా, తలుపు గడియ బయటినుంచి తీసే వీలుందా, మంచం నుంచి బాత్‌రూమ్ దాకా రాత్రంతా లైటు ఉంటదా చూడు. మంచం అంచున కూర్చుంటే రెండు పాదాలూ నేలకి ఆనాలి. కొత్త చెప్పులు కొనేటప్పుడు మడమ వెనక పట్టీ ఉన్నవే కొను. ఎప్పుడైనా పడి తలకి తగిలితే, లేచి మాట్లాడుతున్నా సరే ఆసుపత్రికి తీసుకుపోవాలి, రక్తం పలచబడే మాత్ర వాడుతోంది గదా.

మందులు స్ట్రిప్పుల్లోనే ఉండాలి, పేరు రాసిన డబ్బాలో. అందరి మాత్రలూ విప్పి కవర్లలో పోసిపెట్టే చోట ఒకరివి ఒకరికి పోతాయి. మింగాక సంతకం పెట్టాలి, ముందు కాదు. వాడని ఇన్సులిన్ ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, పైన ఐసు గడ్డకట్టే అరలో పెడితే పాడైపోద్ది. ఆమెది భోజనానికి అరగంట ముందు వేసే రకం. సూది వేసి వంట ఆలస్యమైతే చెమటలు, వణుకు, మాట తడబాటు. రక్తంలో షుగరు 70 కంటే దిగితే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పావుగంటకి మళ్ళీ చూడాలి. ఈ సంగతి మేనేజరుని కాదు, రాత్రి ఉండే అమ్మాయిని అడుగు. ఆమె చెప్పగలిగితే సగం భయం తీరినట్టే.

ఇంకోటి, సాయంత్రం నాలుగు తర్వాత నీళ్ళు తగ్గించేస్తారు, రాత్రి పక్క తడుపుతారని. ఎండాకాలంలో అది ప్రాణాల మీదికొస్తుంది. వదిన వేసుకునే, ఒంట్లో నీరు తీసే మాత్రకి తోడు మే నెల ఒంగోలు ఎండ కలిస్తే రక్తంలో సోడియం, అదే ఉప్పు, పడిపోద్ది. నిన్నటిదాకా బాగా మాట్లాడిన మనిషి ఇవాళ తేడాగా మాట్లాడితే మతిమరుపని ఊరుకోకుండా సోడియం, షుగరు, మూత్రం పరీక్ష చేయించాలి. ఒంగోలుకి తాగేది సాగర్ కాలవ నీళ్ళు, ఎండల్లో కుళాయి రోజూ రాదు. సంపు ఎంతదో అడుగు. నీళ్ళు చాలకపోతే ముందు ఆగేది ముసలివాళ్ళ స్నానాలే. నెలనెలా బరువు రాసే కార్డు ఉందో లేదో చూడు. 60 కిలోల మనిషి నెలలో మూడు కిలోలు తగ్గిందంటే వయసు కాదు, తిండి లోపలికి పోవడం లేదు. రాత్రి భోజనం ఆరున్నరకి పెట్టి పొద్దున టిఫిను ఎనిమిదిన్నరకి ఇస్తే మధ్యలో 14 గంటలు, షుగరు మనిషికి పడుకోబోయే ముందు పాలో రెండు బిస్కెట్లో ఇవ్వాల్సిందే. నువ్వు కూడా మధ్యాహ్నం అన్నం మూడింటికి తింటున్నావంట, అల్లుడుగారే చెప్పారు.

2021 నవంబరులో పెన్నా వరదకి పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలూ కోసుకుపోయినప్పుడు మేం ఇక్కడినుంచి ఒంగోలు రావాలన్నా దారి లేకపోయింది. అట్టాంటప్పుడు వారానికి సరిపడా మందులు, జనరేటరుకి డీజిలు వాళ్ళ దగ్గరే ఉండాలి. రాత్రి గ్రిల్లుకి తాళం వేస్తే తాళంచెవి ఎవరి దగ్గర ఉంటదో అడుగు. మనుషుల్ని మంచానికి కట్టేసే చోటైతే ఇంకో మాట వద్దు, లేచి వచ్చెయ్యి. 2001 ఆగస్టులో తమిళనాడు ఎర్వాడిలో మానసిక రోగుల్ని గొలుసులతో కట్టి ఉంచిన చోట నిప్పంటుకుని 28 మంది పోయారు.

కాగితం విషయం అల్లుడుగారికి చెప్పు. ఒప్పందంలో అడ్వాన్సు ఎంత తిరిగిస్తారు, ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఆసుపత్రికి పోతే తోడు ఎవరుంటారు, మంచాన పడితే ఉంచుకుంటారా పంపేస్తారా, ఇవన్నీ రాయించాలి. ఒంగోలు ఇల్లు ఇప్పుడే అమ్మొద్దు. ఆమె పేరున ఉన్నది ఎవరి పేరునా రాయించొద్దు కూడా. చూసుకుంటామని షరతు పెట్టి రాయించుకుని చూడకపోతే, తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణకని వచ్చిన 2007 చట్టం కింద ట్రిబ్యునల్‌లో ఆ దస్తావేజు రద్దు చేయించొచ్చు. ఆ షరతు అందులో రాసి ఉండాలి గానీ నోటిమాట గట్టిగా నిలబడదు. వదిన ఫోన్‌లో 14567 పెద్ద అక్షరాలతో పెట్టించు, అది వయసు మళ్ళినవాళ్ళ కోసం ఉన్న నంబరు.

ఇదంతా చూసి ఆ హోము మంచిదే అని తేలినా, నెలరోజులని చెప్పి వదిలేస్తే ఆమె ముప్పై ఒకటో రోజు పొద్దున్నే సంచి సర్దుకుని గేటు దగ్గర కూర్చుంటుంది. అన్నం మానేస్తుంది, మాత్రలు ఉమ్మేస్తుంది. అప్పుడు మొండి ముసలావిడ అని పేరు పెడతారు. ముందు ఆమెని తీసుకుపోయి చూపించండి. ఒక పూట అక్కడే భోజనం చేయనివ్వండి. నచ్చకపోతే ఎందుకో చెప్పనివ్వండి. అల్లుడుగారు చెప్పలేనంటే నేను చెప్తాను, వదిన నా మాట వింటుంది.

ఈ ఉత్తరం అందగానే ఆ హోము ఏ వీధిలో ఉందో రాయి, మేనేజరు నంబరు అక్కర్లేదు. శనివారం నేనూ మీ నాన్నా చెప్పకుండా పోయి, రాత్రి భోజనాల వేళ ఒకసారి చూసొస్తాం.

బుజ్జిగాడికి ముద్దులు. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
అమ్మ