పద్మజకు, తాడిపత్రి నుంచి

తాడిపత్రి,
ఆదివారం.

చి. పద్మజను ఆశీర్వదించి నాన్న వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ మోకాలి నొప్పి మామూలే. పెన్నలో నీళ్లు లేవు, అదీ మామూలే. ఫోను చేస్తే "తరువాత మాట్లాడతా నాన్నా" అన్నావు. ఇరవై రెండు రోజులైంది, ఆ తరువాత ఇంకా రాలేదు. అందుకని కాగితం ముందేసుకుని కూర్చున్నాను. ప్రత్యేకంగా విషయం ఏమీ లేదు.

మొన్న ప్రొద్దుటూరు పెళ్లికి వెళ్లాం. భోజనాల దగ్గర మీ సరళ పిన్నమ్మ నా పక్కన చేరి, "పద్మజ ఉద్యోగం మానేసి సొంతంగా ఏదో కంపెనీ పెట్టిందట కదా బావా?" అంది. అవునన్నట్టూ కాదన్నట్టూ తల ఊపి, ఇంకొంచెం పప్పు వేయమన్నాను. పిన్నమ్మ మాటల్లో సగం గాలి. మిగతా సగం సంగతే తెలియక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పప్పు ఎక్కువైందని మీ అమ్మ అంటుంది.

ఈసారి మన వైపు అరటి బాగుంది. 2020 జనవరిలో మన స్టేషన్ నుంచి ముంబై రేవుకు అరటి రైలు వెళ్లడం గుర్తుందా? 980 టన్నులు, చల్లటి కంటైనర్లలో, ఇరాన్ కోసం. ఆ కంటైనర్ అనే ఇనుప పెట్టె వెనక ఒక లారీల యజమాని ఉన్నాడు, అమెరికాలో, మాల్కమ్ మెక్లీన్ అని. అంతకుముందు రేవుల్లో మూటలూ పీపాలూ ఒక్కొక్కటిగా మోసి ఓడకెక్కించేవారు. లారీ మీది పెట్టెను సరుకుతో సహా ఎత్తి ఓడ మీద పెడితే సరిపోదా అనుకున్నాడతను. 1956లో ఒక పాత చమురు ఓడ మీద 58 పెట్టెలు పెట్టి హ్యూస్టన్‌కు పంపాడు. టన్ను సరుకు ఎక్కించడానికి దాదాపు 6 డాలర్లు అయ్యే ఖర్చు 16 సెంట్లకు దిగింది. దేశాల మధ్య వ్యాపారం ఇంతగా పెరగడానికి మంత్రులు పెట్టిన సంతకాల కంటే ఆ పెట్టే ఎక్కువ పని చేసిందని నా నమ్మకం. అలాంటి మెక్లీన్ కంపెనీ 1986లో దివాలా తీసింది. చమురు ధర ఇంకా పెరుగుతుందని లెక్కవేసి, నిదానంగా నడిచే పెద్ద ఓడలు కట్టించాడు. ధర కాస్తా పడిపోయింది. పెట్టె లోకానికి మిగిలింది, అప్పు అతనికి మిగిలింది. అరటి మాట వచ్చింది కాబట్టి రాశానంతే, నీ గురించి కాదు.

మీ చిన్నాయన బండల ఫ్యాక్టరీ పెట్టినప్పుడు నువ్వు నాలుగో తరగతి. సాయంత్రం వాడి కనురెప్పల మీద కూడా రాతి పొడి ఉండేది. జేజి గడప దగ్గరే ఆపి కొంగుతో దులిపేది. మూడేళ్లు బాగానే నడిచింది. ఆ తరువాత గుజరాత్‌లోని మోర్బీ నుంచి మెరిసే టైల్స్ దిగాయి. నాపబండలు పరిచి బతికిన మేస్త్రీలే "టైల్స్ వేయించుకోండి సార్, తుడిస్తే అద్దం" అనడం మొదలుపెట్టారు. పాలిష్ చేసిన బండలు రోడ్డు పక్కన దొంతరలుగా నిలబడిపోయాయి, మధ్యలో గడ్డి మొలిచింది. పని అయిపోయిందని వాడికి ఆరు నెలల ముందే అర్థమైంది. మాకు చెప్పలేదు. పండగకు వచ్చి నవ్వుతూ భోంచేసి వెళ్లేవాడు. ఫోను చేస్తే "తరువాత మాట్లాడతా అన్నా" అనేవాడు. ఒక మధ్యాహ్నం బ్యాంకు నుంచి ఇద్దరు వచ్చి వరండాలో కూర్చున్నారు. ఎందుకొచ్చారో తెలియక జేజి వాళ్లకు మజ్జిగ ఇచ్చింది. వాళ్ల చేతిలోని కాగితం మీద హామీదారుగా ఉన్నది ఆమె వేలిముద్రే. మిషన్లు, జేజి కాసులపేరు, కింద చేను అన్నీ అమ్మితే తీరింది. చేను పోయినందుకు నాకు బాధ లేదు. ఆ ఆరు నెలలూ వాడు ఒక్కడే రాత్రులు ఎలా గడిపాడో అని ఇప్పటికీ అనిపిస్తుంది. చివరి లోడులో మిగిలిన బండ మీదే మీ అమ్మ నేటికీ బట్టలు ఉతుకుతోంది.

దీన్నే సృజనాత్మక విధ్వంసం అంటారని ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు చెప్పాను. కొత్తది పాతదాన్ని పడగొడుతుంటేనే ఆర్థిక వ్యవస్థ ఎదుగుతుందన్నాడు షుంపేటర్ అనే ఆర్థికవేత్త. దానికి గణితం కట్టిన అఘియన్, హోవిట్‌లకు 2025లో నోబెల్ కూడా వచ్చింది. షుంపేటర్ అధ్యక్షుడిగా ఉన్న వియన్నా బ్యాంకు 1924లో చిక్కుల్లో పడిందనీ, ఆయన ఏళ్ల తరబడి అప్పులు తీర్చాడనీ సిలబస్‌లో లేదు. ఐదు మార్కుల ప్రశ్న కదా, నేనూ చెప్పలేదు.

ఉపదేశం చేయకూడదనే కూర్చున్నాను. అయినా ఒకవేళ, ఒకవేళే అంటున్నాను, నువ్వు ఏదైనా పెట్టి ఉంటే అది ప్రైవేట్ లిమిటెడా, ఊరికే భాగస్వామ్యమా? లిమిటెడ్ అయితే కంపెనీ అప్పు కంపెనీదే. కానీ బ్యాంకు వ్యక్తిగత హామీ అడుగుతుంది. అక్కడ సంతకం పెడితే అప్పు నేరుగా ఇంటికి వస్తుంది. స్నేహితులతో వాటాల సంగతి స్నేహం బాగున్నప్పుడే కాగితం మీద రాసుకోవాలి. ఉద్యోగంతో పాటు ఆఫీసు వాళ్ల ఆరోగ్య బీమా కూడా పోతుంది, వేరేది తీసుకున్నావా? రాత్రి ఒంటిగంటన్నరకు ఆన్‌లైన్‌లో కనిపిస్తున్నావు. ఆ వేళప్పుడు నీకు ఫోనెందుకు అని అడగకు.

పైచేను పాసుపుస్తకం బీరువా పై అరలో ఉంది. ఎదురుగా కూర్చుని అడిగితే ఆలోచిస్తాను. పిన్నమ్మ చెబితే తెలిసే పనైతే ఇవ్వను.

గురువారం బస్సులో చెనక్కాయల పొడి, రాగి పిండి, నాలుగు అరటిగెలల చిప్స్ పంపుతున్నాం. నాలుగు గెలలూ ఎందుకని అంటే మీ అమ్మ వినలేదు. ఆఫీసు వేళైతే ఎవరినైనా పంపి తీసుకో, ఆఫీసంటూ ఉంటే. పొడి డబ్బా జేజిది, మూత కొంచెం వదులు, నిలబెట్టి ఉంచు. ఖాళీ అయ్యాక పార్సిల్‌లో పంపకు, నువ్వే తీసుకురా.

మీ నాన్న