మీ లాప్‌టాప్ మా చేతికిచ్చే ముందు ఆ 48 అంకెలు తెచ్చుకోండి

తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర మా షాపుకొచ్చే వాళ్లందరికీ నమస్కారం. పోయిన నెల మా వల్ల ఒక తప్పు జరిగింది. అది మీకు ఇంకెవరో చెప్పేకంటే నేనే చెప్పడం న్యాయం.

యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న ఒకమ్మాయి చార్జింగ్ సరిగా ఎక్కడం లేదని లాప్‌టాప్ తెచ్చింది. బయాస్ (మెషిన్ ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేశాం. ఆన్ చేస్తే విండోస్ బదులు నీలం స్క్రీన్ వచ్చి, బిట్‌లాకర్, అంటే డ్రైవ్‌కి విండోస్ వేసే తాళం, రికవరీ కీ అడిగింది. ఆరేసి అంకెలు ఎనిమిదిసార్లు, మొత్తం 48. "ఏం కీ అన్నా? నేను లాక్ పెట్టలేదే" అంది. నిజమే, ఆమె పెట్టలేదు. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా మెషిన్లలో డ్రైవ్ దానంతటదే లాక్ అయిపోతుంది, కీ ఆ అకౌంట్లోకి వెళ్తుంది. ఆ అకౌంటేమో కొన్న రోజు అమ్మిన షాపువాళ్లు తెరిచిచ్చింది. పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేదు, అందులో ఇచ్చిన ఫోన్ నంబర్ సిమ్ ఇప్పుడు లేదు. పాత బయాస్‌కి వెనక్కి వెళ్దామంటే తయారుచేసిన కంపెనీ దానికీ దారి మూసేసింది.

థీసిస్‌లో మొదటి రెండు చాప్టర్లు గైడ్ మెయిల్లో దొరికాయి. మూడోది పోయింది. బయాస్ ముట్టుకునే ముందు బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేయాల్సింది, అంటే కాసేపు ఆపాల్సింది నేను. చేయలేదు. డబ్బు తీసుకోలేదు కానీ, ఆ అమ్మాయి ఆరు నెలల కష్టం నేను తిరిగివ్వలేను.

లాక్ చెడ్డదని నేననను. రైల్లో బ్యాగు పోతే మీ ఫైళ్లు దొంగ చదవలేడు. కానీ డబ్బు పెట్టి కొన్న మనిషికి తన మెషిన్‌కి తాళం పడిందనీ, తాళంచెవి ఫలానా చోట ఉందనీ ఎవరూ చెప్పకపోవడం అన్యాయం. కొన్ని సన్న మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించేసి ఉంటుంది, 8 జీబీ కొంటే ఎప్పటికీ 8 జీబీనే. ఇదీ కొన్నాకే తెలుస్తుంది. కొనే ముందు ఒక ఫోన్ చేయండి, మా దగ్గర కొనకపోయినా సరే చెప్తాం.

విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. 11 కావాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపు 8వ తరం నుంచే ఒప్పుకుంటుంది. అంతమాత్రాన బాగా నడుస్తున్న మెషిన్‌ని పారేయమని మేం చెప్పం. చదువుకునే పిల్లలకి విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసిస్తాం. అను ఫాంట్లతో పేజ్‌మేకర్లో పనిచేసే డీటీపీ వాళ్లకి అది కుదరదు. నెట్ తీసేసి, పాత విండోస్‌లోనే పని చేసుకోండి.

ఇకమీదట మా జాబ్ స్లిప్‌లో "రికవరీ కీ చేతిలో ఉందా?" అని ఒక గడి ఉంటుంది. కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్లో డివైజెస్ కింద దొరుకుతుంది, కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోండి. తెలియకపోతే షాపుకి రండి, మీ ఎదురుగానే తీసి చూపిస్తాం, దానికి చార్జీ లేదు. ఆ గడి నిండాకే స్క్రూడ్రైవర్ తీస్తాం.