ఆఖరి విజిల్ తర్వాత ఇల్లు చేరేదెలా?

సంపాదకుడు గారికి,

బెంగళూరు కంఠీరవ స్టేడియంలో సాయంత్రం 7.30కి మొదలయ్యే ఫుట్‌బాల్ మ్యాచ్ మామూలుగా తొమ్మిదిన్నరకల్లా అయిపోతుంది. గెలుపెవరిదో తేలేదాకా ఆడించే నాకౌట్ మ్యాచ్‌కి ఆ లెక్క కుదరదు. 2023 జులైలో ఇక్కడ జరిగిన దక్షిణాసియా ఫుట్‌బాల్ టోర్నీ శాఫ్‌లో లెబనాన్‌తో సెమీఫైనల్, కువైట్‌తో ఫైనల్ రెండూ పెనాల్టీల దాకా వెళ్లాయి. మనవాళ్లు కప్పు గెలిచేసరికి పది దాటింది. ఇలాంటి మ్యాచ్ ఎక్స్‌ట్రా టైమ్‌కి వెళ్లిందంటే చాలు, పిల్లల్ని తెచ్చుకున్నవాళ్లు ఫోన్లో టైమ్ చూసుకుని లేచి వెళ్లిపోతుంటారు. తీరా ఆట రసపట్టులో పడ్డప్పుడే ఇంటికెలా వెళ్లాలన్న టెన్షన్ వాళ్లది.

మెట్రో మీద నాకు ఫిర్యాదు లేదు. కబ్బన్ పార్క్ స్టేషన్‌కి నడిచిపోవచ్చు, పర్పుల్ లైన్లో వైట్‌ఫీల్డ్ దాకా ఒకటే రైలు. చిక్కంతా దిగాకే. మన తెలుగువాళ్లు ఇంతమంది ఉన్న మారతహళ్ళి వెళ్లాలంటే కుందలహళ్ళిలో దిగి బస్సు పట్టుకోవాలి. ఆ వేళకి బస్సు దొరకడం మన అదృష్టం. మెట్లు దిగగానే ఆటోవాళ్లు చుట్టుముడతారు, మీటర్ మాటెత్తితే ముఖం తిప్పేసుకుంటారు. రాత్రి 10 దాటితే మీటరుకు ఒకటిన్నర రెట్లని ప్రభుత్వమే పెట్టింది, అది ఇవ్వడానికి ఎవరికీ బాధ లేదు. అడిగేది అంతకు ఎన్నో రెట్లు. ఒంటరిగా వచ్చిన అమ్మాయిలు తోడు దొరికేదాకా స్టేషన్ లైట్ల కిందే నిలబడతారు. కర్ణాటక ప్రభుత్వ శక్తి పథకంలో రాష్ట్ర మహిళలకి మామూలు బస్సు ఉచితం. బస్సే లేకపోతే ఆ ఉచితం ఎందుకు?

చిన్నస్వామి స్టేడియంలో ఐపీఎల్ ఉన్న రోజుల్లో అర్ధరాత్రి దాటాక కూడా మెట్రో నడిపారు. ఆ జనంలో చాలామంది ఎక్కేది కూడా ఈ కబ్బన్ పార్క్‌లోనే. క్రికెట్‌కి వచ్చే జనం ఎక్కువే, ఒప్పుకుంటాను. మేం అన్ని రైళ్లు అడగడం లేదు. కుందలహళ్ళి, బయ్యప్పనహళ్ళి లాంటి స్టేషన్ల దగ్గర మ్యాచ్ రోజున రెండేసి బస్సులు ఉంచి, ఆట ముగిసిన గంటన్నర దాకా నడిపితే చాలు. ఆట పెనాల్టీలకి వెళ్తే బస్సు కూడా అప్పటిదాకా వేచి ఉండాలి. పోలీసులు మ్యాచ్‌కి అనుమతి ఇచ్చేటప్పుడే ఈ ఏర్పాటును షరతుగా పెట్టాలి. ఏ బస్సు ఎక్కడి నుంచి బయల్దేరుతుందో టికెట్ మీదే వేయాలి. నగర బస్సు, మెట్రో అధికారులు, ఈ స్టేడియంలో ఆడే ఫుట్‌బాల్ క్లబ్ యాజమాన్యం వచ్చే సీజన్ షెడ్యూలు వెలువడేలోపే కూర్చుని దీన్ని తేల్చాలని కోరుతున్నాను.

– ఒక ఫుట్‌బాల్ అభిమాని,
మారతహళ్ళి, బెంగళూరు