తూకానికి వేసే ముందు

సంపాదకుల వారికి నమస్కారములు.

మొన్న ఆదివారం మీ ఉత్తరాల శీర్షికలో ఒక పాఠకుడు రాసింది చదివాను. వరదలో మునిగిన బండి ఇక బండి కాదట. తన ఇంట్లో మూడు రోజులు నీళ్లలో నానిన మోటారు సైకిల్‌ని పాత ఇనుముకు తూచి ఇచ్చేసి హాయిగా ఉన్నారట. పదిహేనేళ్లు దగ్గరపడ్డ బళ్లు ఎలాగూ తుక్కే కాబట్టి గోదావరి పాయల మధ్య లంకల జనం వాటి మీద ఆశ పెట్టుకోవద్దని సలహా కూడా ఇచ్చారు. ఆయన హాయి ఆయనది, కాదనను. కానీ ఆ ఉత్తరం చదివిన మర్నాడే మా వీధిలో ఇద్దరు పాత సామాన్లవాణ్ణి పిలిపించారు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను కాలువ మీద లస్కరుగా, అంటే లాకులు, నీళ్లు చూసుకునే ఉద్యోగిగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ సైకిలే. రిటైరయ్యాక మా బావమరిది ముంబై వెళ్లి కొడుకు దగ్గర ఉండిపోవడంతో లంకలో అతని కొబ్బరి తోట నా మెడకు పడింది. పి.గన్నవరం వైపు ఏటిగట్టు దిగాక తారు రోడ్డు మర్చిపోవాల్సిందే. పుంత అనే మట్టి బాట, ఇసుక, కాజ్‌వే మీద నీళ్లు తీశాక మిగిలే జారుడు ఒండ్రు మట్టి, మళ్లీ పుంత. మామూలు బండయితే ఇంజను అడుగుభాగం గట్టు దిగుతున్నప్పుడే నేలను గీరుకుంటుంది. మా అబ్బాయి బండి మీద ఒకసారి వెళ్లి సైలెన్సర్ సొట్ట పెట్టించి తెచ్చాను. అప్పట్నుంచి తాళం ఎక్కడ పెడుతున్నాడో చెప్పడం మానేశాడు.

2024 ఏప్రిల్‌లో, కాలువలకు నీళ్లు ఆపేసిన వారంలో, లంకలో ఒక పశువుల పాకలో ఎండుగడ్డి వెనకాల ఒక హ్యాండిల్ కనబడింది. గడ్డి తీసి చూస్తే హీరో ఇంపల్స్. ఇది చాలామందికి గుర్తుండదు. హోండాతో విడిపోయాక హీరో సొంత పేరుతో తెచ్చిన తొలి బళ్లలో ఒకటి, 2011లో వచ్చింది. అమ్మకాలు లేక కొన్నేళ్లకే ఆపేశారు. నేలకీ ఇంజనుకీ మధ్య 245 మిల్లీమీటర్ల ఎడం, ముందు చక్రం 19 అంగుళాలు, పొడుగు ఫోర్కులు. మట్టిదారి కోసమే కట్టిన బండి. ఇది 2012 మోడల్. యజమాని కువైట్‌లో ఉన్నాడు. వాళ్ల నాన్నగారు, "2022 జూలైలో ఐదు రోజులు నీళ్లలోనే ఉందండి, ఇంక దీని మీద ఆశ లేదండి" అన్నారు. గోదావరి మీద ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. మా లంకల్లో దాన్ని మర్చిపోయినవాళ్లు లేరు. తొమ్మిది వేలకు బేరం కుదిరింది. ట్రాక్టరు ట్రక్కులో వేసుకుని ఇంటికి తెచ్చాను. మా ఆవిడ గుమ్మంలోంచి చూసి, "ఏవండీ, ఇది మనం తోలడానికా, పాతిపెట్టడానికా?" అంది.

ఇక్కడ ఆ పాఠకుడి మాటకు సమాధానం చెప్పాలి. నీళ్లలో మునిగినందువల్ల పోయే బళ్లు తక్కువ. నీళ్లు తీశాక ఆత్రంగా సెల్ఫ్ నొక్కడం వల్ల పోయేవే ఎక్కువ. సిలిండర్లో గాలి ఉంటే పిస్టన్ దాన్ని అణచగలదు. నీళ్లుంటే అణగవు. అణగని నీళ్లను పిస్టన్ బలంగా గుద్దితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అప్పుడు నిజంగానే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఈ ఇంపల్స్‌కి కూడా వరద తగ్గిన రోజే పక్కింటి కుర్రాడు సెల్ఫ్ నొక్కాడట. నీళ్లలో బ్యాటరీ చచ్చిపోయి ఉండబట్టి బతికిపోయింది.

మళ్లీ వరదల రోజులు వస్తున్నాయి కాబట్టి చేయాల్సింది వివరంగా చెబుతాను, దయచేసి కత్తిరించకండి. బండి తాళం తిప్పొద్దు. ముందు బ్యాటరీ వైర్లు ఊడదీయండి. స్పార్క్ ప్లగ్గు విప్పండి. గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఇంజను ఆయిల్ బోల్టు తీసి మొత్తం వదిలేయండి. మజ్జిగ రంగులో వస్తే నీళ్లు కలిసినట్టే. టాంకులో పెట్రోలు, కార్బొరేటరు అడుగున నిలిచినది కూడా పారబోయండి. ఎయిర్ ఫిల్టర్ తీసేయండి, అది ఒండ్రుతో నిండిపోయి ఉంటుంది. సైలెన్సర్ విప్పి తలకిందులుగా నిలబెట్టండి. అప్పుడు టాప్ గేరు వేసి వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పితే ప్లగ్గు కన్నంలోంచి నీళ్లు చిమ్ముతాయి. అవి ఆగాక ఆ కన్నంలో రెండు మూతల ఆయిల్ పోసి మళ్లీ తిప్పండి. చవక ఆయిల్ పోసి, కాసేపు నడిపి, వేడిగా ఉండగానే వదిలేసి, మళ్లీ పోయండి. మజ్జిగ రంగు పోయేదాకా రెండుమూడు సార్లయినా సరే. ఇదంతా నీళ్లు తీసిన రెండు మూడు రోజుల్లో చేస్తే మెకానిక్‌కి పెద్దగా పని ఉండదు. నా బండికి ఇది చేసినవాళ్లు లేరు, రెండేళ్లు అలాగే పడుంది. అందుకే నాకు ఖర్చయింది.

పిస్టన్ బిగుసుకుపోయింది. డీజిలు, ఆయిలు చెరిసగం కలిపి ప్లగ్గు కన్నంలో పోసి వదిలేశాను. రోజుకోసారి టాప్ గేరులో చక్రాన్ని అటూ ఇటూ ఊపేవాణ్ణి, బలం పెట్టకుండా. కాలువ లాకు తలుపుల పిన్నులు తుప్పుపట్టి బిగుసుకుంటే మేమూ అలాగే చేసేవాళ్లం. రాత్రి కిరసనాయిలు పోసి, పొద్దున్న చిన్న సుత్తితో తట్టి, కదలకపోతే మళ్లీ రాత్రికి. కొత్తగా చేరిన కుర్రాళ్లు పెద్ద సుత్తి ఎత్తితే పిన్ను తల ఊడి చేతికొచ్చేది. ఆరో రోజు చక్రంతో పాటు ఇంజనూ కదిలింది. ఆ చప్పుడుకి మా మనవడు లోపల్నుంచి పరిగెత్తుకొచ్చాడు, నేనేదో కింద పడ్డానని.

అమలాపురంలో మెకానిక్ దగ్గరికి తీసుకెళితే బండి చుట్టూ ఒకసారి తిరిగి, "తూకానికేసినా నాలుగు వేలు రావండి బాబాయ్" అన్నాడు. ఇంజను విప్పాక మాత్రం అతని మాట మారింది. రాడ్ నిటారుగా ఉంది, క్రాంకు బేరింగులు బాగున్నాయి. సిలిండర్లో తుప్పు గీతలు పడ్డాయి, రింగులు పోయాయి. ఇక్కడొక సంగతి చెప్పాలి. ఇంపల్స్ సామాన్లు దొరకవని అందరూ భయపెడతారు. ఆ 149.2 సీసీ ఇంజను సీబీజెడ్ ఎక్స్‌ట్రీమ్‌లో, హంక్‌లో ఉన్నదే. వాటి బోర్ కిట్టు (సిలిండరు, పిస్టన్, రింగులు), క్లచ్ ప్లేట్లు రాజమండ్రిలో అడిగిన మొదటి దుకాణంలోనే ఇచ్చారు. ముందు చక్రం ట్యూబు, టైరు మా వైపు దొరకవన్నారు. బుల్లెట్‌కి వేసే 90/90-19 అదే సైజు, అది తెచ్చి వేశాం. దొరకనిది పైన కప్పే ప్లాస్టిక్కే. ముందు మడ్‌గార్డు విరిగిపోయి ఉంటే రొయ్యల చెరువుల దగ్గర మందులొచ్చే నీలం డ్రమ్ము కోసి, వేడినీళ్లలో వంచి, బోల్టులు బిగించాను. బండి ఎత్తూ ఆ నీలం ముక్కూ చూసి మా ఊళ్లో దీనికి ఒంటె అని పేరు పెట్టారు.

నేను చేసిన తెలివితక్కువ పనులూ చెప్పాలి కదా. టాంకు లోపల తుప్పు పోవడానికి బాత్‌రూముల్లో పోసే యాసిడ్ పోసి, సాయంత్రం తీద్దామని తోటకు వెళ్లిపోయాను. వచ్చేసరికి తుప్పుతో పాటు రేకూ తిన్నది, అడుగున రెండు సూది బెజ్జాలు. రావులపాలెంలో వెల్డింగ్ అతను టాంకు నిండా నీళ్లు పోసి, బెజ్జాలు పైకి వచ్చేలా తిప్పి, అప్పుడు ఇత్తడి పుల్లతో అతికాడు. పెట్రోలు ఆవిరి మిగిలిన టాంకు దగ్గరికి మంట తీసుకెళ్తే బాంబేనండి అన్నాడు. ఇంటికొచ్చాక మా ఆవిడ, "ఇత్తడి బిందెలు తోమే చింతపండు ఉండగా ఆ యాసిడ్ ఎందుకండీ?" అంది. నిజమే. స్పోకులు, వాటి నిప్పుల్స్, బోల్టులు అన్నీ చింతపండు నీళ్లలో రెండు రోజులు నానబెడితే బ్రష్షుకే తుప్పు రాలిపోయింది. తర్వాత వంటసోడా నీళ్లలో కడిగి, ఆరీ ఆరగానే ఆయిల్ రాయాలి. లేకపోతే సాయంత్రానికే మళ్లీ ఎర్రబడుతుంది.

వైరింగ్ నేనే అతుక్కున్నాను. అది రెండో తెలివితక్కువ పని. వైర్లు కలిపే చోట ఒండ్రు దూరిన కప్లర్లలో రాగి తీగ పచ్చగా పొడి అయిపోయింది. కుళ్లిన చోటల్లా ముక్కలు కోసి టేపు చుట్టాను. మొదటిసారి వీధిలో తోలితే బ్రేకు నొక్కినప్పుడల్లా హారన్ మోగింది. మెకానిక్ పడిపడి నవ్వి, మొత్తం పీకేసి కొత్త వైరింగ్ వేశాడు, 2,400. కార్బొరేటర్ జెట్టు మాత్రం నేనే శుభ్రం చేశాను. పాత పెట్రోలు జిగురుగా ఎండిపోయి దాని కన్నం పూడిపోయింది. పిన్నీసు పెడితే కన్నం పెద్దదై పెట్రోలు తాగేస్తుంది. పాత టెలిఫోన్ తీగలో ఒక్క పోగు తీసి దాంతో పొడిచాను.

కాలువ నీటి మట్టం గేజీ పుస్తకంలో రాసిన అలవాటు కొద్దీ లెక్కంతా రాసి పెట్టాను. బండి 9 వేలు, మరమ్మతులు 23,500. పేరు మార్పుకీ బీమాకీ అయింది వేరు. మట్టిదారి బండి కొత్తది కొనాలంటే దీనికి ఎన్నో రెట్లు కావాలి. అయినా ఇది చవక అని నేను అనను. ఎనిమిది నెలల నా పనికి వెల కట్టలేదు. రోజూ తెల్లారే డ్యూటీకి వెళ్లాల్సిన కుర్రాళ్లు రెండేళ్లు ఎండిపోయిన బండి జోలికి పోవద్దు. వరద తీసిన వారంలో దొరికిన బండయితే ధైర్యంగా కొనొచ్చు.

కాగితాల సంగతి ఇంజను కంటే ముందు చూసుకోవాలి, నేను తర్వాత చూసుకున్నాను. ఆర్సీ కువైట్ అబ్బాయి పేరున ఉంది. పేరు మార్చడానికి 29, 30 ఫారాల మీద అతని సంతకం కావాలి. సంక్రాంతికి వస్తానన్నాడు, వచ్చాడు, పెట్టాడు. ఎప్పుడో తీరిపోయిన ఫైనాన్స్ కూడా ఆర్సీలో అలాగే కనబడుతోంది. దాన్ని తీయించడానికి 35వ ఫారం, ఫైనాన్స్ వాళ్ల కాగితం కావాల్సి వచ్చాయి. ఈలోగా బండిని వీధి దాటించలేదు. ఒకసారి లాకుల దాకా వెళ్లాను, అది లెక్కలోకి తీసుకోకండి. రవాణా శాఖ ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఇవన్నీ కనబడతాయి. సంతకాలు పడేదాకా సగం డబ్బు దగ్గర పెట్టుకుంటే మంచిది.

ఇక పదిహేనేళ్ల మాట. 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వ శాఖల సొంత వాహనాలకు పదిహేనేళ్లు దాటితే రిజిస్ట్రేషన్ పొడిగించడం లేదు. ఢిల్లీ చుట్టుపక్కల పాత బళ్ల మీద కోర్టుల ఆంక్షలు వేరే వచ్చాయి. ఈ రెండూ కలిపి మన ఊళ్లలో అందరి బళ్లూ తుక్కే అని చెప్పేసుకుంటున్నారు. మన సొంత బండికి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. గడువు తీరకముందే దరఖాస్తు పెట్టి, రుసుము కట్టి, బండి తీసుకెళ్లి చూపిస్తే, బాగుందని తేలితే మరో ఐదేళ్లు ఇస్తారు. నా ఒంటెకి ఆ గడువు 2027లో వస్తుంది. బ్రేకులు, లైట్లు, పొగ సరిగా లేకపోతే ఇవ్వొద్దనే నేనూ అంటాను.

ఇప్పుడు వారానికి నాలుగు రోజులు తోటకు వెళ్లొస్తున్నాను. కొబ్బరికాయల దింపు ఉన్న రోజున మనుషులకి టీ ఫ్లాస్కూ, కత్తులు సాన పెట్టే రాయీ దాని వెనకే కట్టుకుపోతాను. సీటు ఎత్తు నాకు ఎక్కువే, ఎక్కడానికి గట్టు వారగా ఆపుకోవాలి. ధవళేశ్వరం దగ్గర నీటి మట్టం 11.75 అడుగులకు వచ్చి మొదటి హెచ్చరిక వేశారని వింటే చాలు, ముందు బండిని ఏటిగట్టు మీద మా చెల్లెలి ఇంటి అరుగు ఎక్కించి, తర్వాతే మిగతా సామాన్ల సంగతి చూస్తున్నాను.

ఒక్క చిన్న మనవి. తన బండి తూచి ఇచ్చేశానన్న ఆ పాఠకుడు అది ఏ మోడలో రాయలేదు. ఒకవేళ ఇంపల్సే అయితే, పాత సామాన్లవాడు ఇంకా దాన్ని చితక్కొట్టకపోతే, ముందు హెడ్‌లైట్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ మాస్కు ఊడదీయించి ఉంచమనండి. నాది పగిలి తీగతో కట్టి ఉంది. తూకం రేటుకి రెట్టింపు ఇచ్చి నేనే వచ్చి తీసుకెళతాను. మీ కార్యాలయానికి కబురు పంపితే నాకు చేరుతుంది.

ఇట్లు,
విశ్రాంత లస్కరు,
పి.గన్నవరం మండలం, కోనసీమ జిల్లా.
(పేరు వేయవద్దని మనవి. బండి ఎంతకు కొన్నానో మా ఆవిడకి వేరే లెక్క చెప్పాను.)