నిమ్ము తగ్గి ఇంటికెళ్లే రోగికి ఆ రోజే చెప్పాల్సినవి

సంపాదకులకు నమస్కారం.

ఫ్లూ, కోవిడ్ వంటి వైరస్‌ల వల్ల నిమ్ము చేసి, రోజుల తరబడి ఆక్సిజన్ మీద ఉండి ఇంటికి వెళ్లేవాళ్ల చేతిలో పెద్ద ఫైలే పెడతారు. బిల్లులుంటాయి, స్కాన్లుంటాయి, మందుల చీటీ ఉంటుంది. మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో, రోజూ ఎంత నడవాలో, ఏం కనిపిస్తే వెంటనే వెనక్కి రావాలో రాసిన కాగితం మాత్రం చాలాచోట్ల ఉండదు. ఆ లోటును వాట్సాప్ సలహాలూ, ఊపిరితిత్తులు కడిగేస్తామనే కషాయాల ప్రకటనలూ భర్తీ చేస్తున్నాయి. అలాంటి రోగి ఉన్న ఇళ్లకు పనికొస్తుందని ఈ లేఖ రాస్తున్నాం.

ముందు ఒక భయం పోవాలి. ‘సీటీ స్కోరు 25కి 20 వచ్చింది, లంగ్స్ 80 శాతం పోయాయట’ అనే మాట 2021 నుంచి జనంలో నాటుకుపోయింది. ఆ లెక్క తప్పు. మన ఊపిరితిత్తుల్లో కుడివైపు మూడు, ఎడమవైపు రెండు, మొత్తం ఐదు భాగాలుంటాయి. ఒక్కో భాగంలో స్కాన్‌లో తెల్లగా కనిపించే మచ్చ ఎంత మేర పరుచుకుందో చూసి సున్నా నుంచి ఐదు దాకా మార్కులేస్తారు. సగం నుంచి ముప్పావు వంతు దాకా ఉంటే నాలుగు, అది దాటితే ఐదు. వాటిని కూడితే వచ్చేదే ఆ స్కోరు. ఆ రోజుకి జబ్బు ఎంత మేర పాకిందో అది చెబుతుంది, అంతే. శాశ్వతంగా ఎంత పోయిందో ఆ అంకెలో లేదు.

ఆ మచ్చలో ఎక్కువ భాగం ఊపిరితిత్తుల్లోని చిన్న చిన్న గాలిగదుల్లో, వాటి గోడల్లో చేరిన నీరూ, వాపు కణాలూ. గాలిగది లోపలి గోడలో పలచగా పరుచుకున్న కణాలు వైరస్ దెబ్బకు చనిపోతే, పక్కనే ఉండే రెండో రకం కణాలు పెరిగి, సాగి, ఆ ఖాళీని పూడుస్తాయి. ఈ కణాల కింద ఉండే అడుగు పొర చెక్కుచెదరనిచోట గోడ మళ్లీ మునుపటిలాగే కడుతుంది. అది కూడా చిరిగినచోట పీచులాంటి కణజాలం పెరిగి గట్టిపడుతుంది. దాన్నే ఫైబ్రోసిస్ అంటాం. మొదటి నెలలోనే ‘ఫైబ్రోసిస్ వచ్చేసింది’ అని తేల్చడం తొందరపాటు, ఎందుకంటే ఆ దశలో గీతల్లా కనిపించేవి కూడా చాలావరకు తర్వాత కరిగిపోతాయి.

ఎక్స్‌రేలో మచ్చలు పోవడానికి 12 వారాలు పట్టడం మామూలే. వెంటిలేటర్ దాకా వెళ్లినవాళ్లలో ఏడాది పొడవునా మెరుగవుతూనే ఉంటుంది. కాబట్టి ఆయాసం పెరగకపోయినా పదిహేను రోజులకోసారి సీటీ తీయించుకుంటే డబ్బు దండగ, పైగా అనవసరపు రేడియేషన్. నాలుగు నుంచి ఆరు వారాల మధ్య ఒకసారి డాక్టరుకు చూపించుకోవాలి. 12 వారాలకు ఎక్స్‌రే. అందులో మచ్చ మిగిలినా, ఆయాసం తగ్గకపోయినా అప్పుడు సీటీ, దాంతోపాటు డీఎల్‌సీవో పరీక్ష. ఊదించి చేసే స్పైరోమెట్రీ ఒక్కటే చేసి ‘నార్మల్’ అని పంపేస్తే సరిపోదు. ఈ జబ్బుల తర్వాత ఎక్కువగా దెబ్బతినేది గాలిగది నుంచి రక్తంలోకి వాయువు దాటే శక్తి. దాన్ని కొలిచేది డీఎల్‌సీవోనే.

కూర్చున్నప్పుడు 97 చూపించే ఆక్సిజన్ నాలుగడుగులు వేశాక 90కి జారడం ఈ రోగుల్లో అరుదేమీ కాదు. అందుకే కూర్చోబెట్టి చూసిన ఒక్క అంకెతో ఇంటికి పంపడం పొరపాటు. ఇంట్లో ఇలా చూడొచ్చు: చేతుల్లేని కుర్చీని గోడకు ఆనించి, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. గోళ్లరంగు, ముదురు గోరింటాకు లేని వెచ్చని వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టి, అంకె నిలకడగా ఆగాక రాసుకోవాలి. తర్వాత చేతులు ఊతం పెట్టకుండా ఒక నిమిషంలో ఎన్నిసార్లు వీలైతే అన్నిసార్లు లేచి కూర్చోవాలి. ఆపాక మరో రెండు నిమిషాల దాకా వేలి నుంచి పరికరం తీయకూడదు. చాలామందిలో అంకె కిందికి దిగేది ఆగిన తర్వాతే. నాలుగు పాయింట్లో అంతకన్నా ఎక్కువో పడితే డాక్టరుకు చెప్పాలి. ఛాతీ నొప్పి ఉన్నవాళ్లు, కూర్చున్నప్పుడే 94 కంటే తక్కువ ఉన్నవాళ్లు ఈ పరీక్ష ఇంట్లో చేయకూడదు. మిగతావాళ్లకూ పక్కన మనిషి ఉండాలి.

మూడు బంతుల స్పైరోమీటర్ ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది, చాలామంది దాన్ని తలకిందులుగా వాడుతున్నారు. గొట్టంలోకి ఊదుతారు, బంతులు లేవవు, మిషన్ పాడైందనుకుంటారు. అది పీల్చే పరికరం. ముందు గాలి మామూలుగా వదిలేసి, పెదాలు గొట్టం చుట్టూ బిగించి, నెమ్మదిగా లోపలికి లాగాలి. మొదటి బంతికి సెకనుకు 600 మిల్లీలీటర్ల వేగం కావాలి, రెండోదానికి 900, మూడోదానికి 1200. మూడూ ఒక్కసారి టక్కున ఎగిరి పడితే ప్రయోజనం తక్కువ. ఒకటో రెండో బంతుల్ని మూడు సెకన్లు పైన నిలపగలిగితే గాలి అడుగు భాగాల దాకా వెళుతుంది. విడతకు అయిదు నుంచి పదిసార్లు చాలు. మధ్యలో మామూలు ఊపిరి తీసుకోకపోతే తల తిరుగుతుంది. మంచంలో ఉన్నవాళ్లకు ఇది మంచిదే గానీ, లేచి తిరగగలిగినవాళ్లకు దీనికన్నా నడకే ఎక్కువ మేలు.

నడక గురించి గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిని ఐసీయూలో ఉండి బతికినవాళ్లను కెనడాలోని టొరంటో వైద్యులు ఏళ్ల తరబడి గమనించారు. 2003లో వాళ్లు ప్రచురించిన ఫలితం ప్రకారం, ఏడాది తిరిగేసరికి ఊపిరితిత్తుల కొలతలు చాలావరకు కోలుకున్నా, ఆరు నిమిషాల్లో నడిచిన దూరం ఉండాల్సిన దాంట్లో 66 శాతమే. ఐదేళ్లకూ 76 శాతం దగ్గరే ఆగింది. కండ కరిగిపోవడం, నీరసం అందుకు పెద్ద కారణాలు. ‘ఊపిరి అందట్లేదు’ అని రోగి చెప్పే బాధలో తొడ కండరాల వాటా కూడా పెద్దదే.

మొదటి వారం ఇంట్లోనే అయిదేసి నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు నడవాలి. నడుస్తూ ఒక వాక్యం మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ఆ వేగం సరైనది. రెండు మూడు రోజులకోసారి ఒక నిమిషం పెంచాలి. వారానికి మూడు రోజులు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మడమలెత్తడం పదేసిసార్లు చేయాలి. ఆక్సిజన్ 88 దాకా దిగితే ఆగి, ముక్కుతో పీల్చి, పెదాలు సున్నా చుట్టి నెమ్మదిగా వదలాలి. మర్నాడు మంచం దిగలేనంత నీరసం వస్తే మోతాదు సగానికి తగ్గించాలి. అలాంటివాళ్లను ‘బద్ధకం వదిలించుకో’ అని తరమడం హాని.

ఇక పథ్యం. జ్వరపడి లేచిన మనిషికి నెలంతా చారన్నం పెట్టే అలవాటు ఇక్కడ పెద్ద నష్టం చేస్తోంది. కరిగిన కండ తిరిగి రావాలంటే 60 కిలోల మనిషికి రోజుకు 70 నుంచి 90 గ్రాముల ప్రొటీన్ కావాలి. గుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసు పాలలో సుమారు అంతే, 100 గ్రాముల వండిన కోడిమాంసంలో పాతిక పైన. ముద్దపప్పు, పెరుగు పూటపూటా ఉండాలి. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగి తినాలి.

స్టెరాయిడ్ చీటీని సొంతంగా పొడిగించుకోవద్దు. కోవిడ్‌లో ప్రాణాలు నిలిపిన డెక్సామెథాసోన్ మోతాదు రోజుకు ఆరు మిల్లీగ్రాములు, అదీ ఆక్సిజన్ అవసరమైనవాళ్లకు, గరిష్ఠంగా పది రోజులు. ఆ తర్వాత మిగిలిన మచ్చలకు ప్రెడ్నిసొలోన్ అనే మరో స్టెరాయిడ్‌ను రోజుకు 40 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి తగ్గిస్తూ ఇచ్చినా, రోజూ 10 మిల్లీగ్రాములు మాత్రమే ఇచ్చినా ఆరు వారాలకు చెప్పుకోదగ్గ తేడా రాలేదని చండీగఢ్ పీజీఐ ఆసుపత్రి వైద్యులు 2022లో చూపించారు. మోతాదు పెరిగితే షుగరు పెరుగుతుంది. 2021లో బ్లాక్ ఫంగస్ ఎక్కువగా పట్టుకున్నది షుగరు అదుపులో లేనివాళ్లను, స్టెరాయిడ్లు వాడినవాళ్లను అని మనం చూశాం. అలాగని మూడు వారాలకు మించి వాడినవాళ్లు ఒక్కసారిగా మానేయకూడదు, డాక్టరు చెప్పినట్టు మెట్టుమెట్టుగా తగ్గించాలి. దగ్గు, కళ్లె, సాయంత్రం జ్వరం రెండు వారాలు దాటితే పాత జబ్బేనని సర్దుకోకుండా కళ్లె పరీక్ష చేయించాలి. స్టెరాయిడ్ల తర్వాత టీబీ తలెత్తే అవకాశం ఉంది.

గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్ (కాన్సన్‌ట్రేటర్) ఉన్న గదిలో దీపం, అగరుబత్తి, బీడీ వద్దు. ఒక కాలు మాత్రమే వాచినా, హఠాత్తుగా ఆయాసం పెరిగినా, కళ్లెలో రక్తం కనిపించినా, కూర్చున్నప్పుడు ఆక్సిజన్ 92 కంటే దిగినా రాత్రి అని చూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి. రక్తపు గడ్డ ఊపిరితిత్తిలో అడ్డుపడినా ఇలాగే ఉంటుంది.

రెండు రాష్ట్రాల ఆరోగ్యశాఖలకు మా విన్నపం ఒకటే. ప్రతి జిల్లా ఆసుపత్రిలో వారానికి రెండు పూటలు ఇలాంటి రోగుల కోసం ఒక ఫిజియోథెరపిస్టును కేటాయించండి. 30 మీటర్ల వరండా, ఒక కుర్చీ, ఒక ఆక్సీమీటర్, ఒక గడియారం ఉంటే ఆరు నిమిషాల నడక పరీక్ష చేయొచ్చు. ఆ ఫలితాన్ని, 12 వారాల ఎక్స్‌రే తేదీని డిశ్చార్జి కాగితం మీద తెలుగులో రాసి ఇవ్వడం తప్పనిసరి చేయండి.

ఇట్లు,
ఛాతీవైద్యం, ఫిజియోథెరపీ విభాగాల్లో పనిచేస్తున్న కొందరం