ఆగస్టులో ఎందుకు రాలేనో అమ్మకి

అమ్మకి, నాన్నగారికి నమస్కారాలు.

నేను క్షేమం. మీరంతా క్షేమమని తలుస్తాను. ఆగస్టులో రాలేనని చెప్పగానే నువ్వు ఒక్క మాట కూడా అనకుండా ఫోన్ నాన్న చేతికి ఇచ్చేశావమ్మా. ఆ తర్వాత ఆయన ఏమడిగారో, నేనేం చెప్పానో సరిగ్గా గుర్తే లేదు. ఫోన్‌లో చెప్పబోతే గొంతు పట్టేస్తోంది, అందుకే రాస్తున్నాను.

పని మామూలే. జీతం టైముకి పడుతోంది. గది మారాను, దీనికి కిటికీ ఉంది. వేళకి తింటున్నాను.

ఉడుతల కోసం ఇంటిని మర్చిపోయిందని పెద్దత్త అన్నదట, తమ్ముడు చెప్పాడు. ఆవిడకి నువ్వు జవాబు చెప్పక్కర్లేదు. కానీ నీకు తెలియాలి. కాలిఫోర్నియాలోని ఈ సియెరా నెవాడా కొండల మీద మంచు కరిగి పై దారులు తెరుచుకునేసరికి జూన్ చివరో, జూలైయో అవుతుంది. అక్టోబర్ వచ్చిందంటే చిప్‌మంక్‌లు, అంటే మేం చూసే చారల ఉడుతలు, బొరియల్లో దూరి చలికాలమంతా నిద్రపోతాయి. వాటిని పట్టి పరిశీలించే మా పని జరిగేది ఆ మధ్యలోనే. ఈ ఏడు వదిలేస్తే మళ్ళీ వచ్చే ఏడే.

బర్కిలీలో 1908లో పెట్టిన జంతువుల మ్యూజియం ఒకటుంది. దాని మొదటి డైరెక్టర్ జోసెఫ్ గ్రిన్నెల్. 1914 నుంచి 1920 దాకా ఆయనా, ఆయన మనుషులూ ఈ సియెరా నెవాడాలోనే ఉన్న యోసెమిటీ కొండలన్నీ తిరిగి ఏ ఎత్తులో ఏ జంతువు ఉందో రాసిపెట్టారు. ఈ సేకరణ అసలు విలువ చాలా ఏళ్లకి గానీ, బహుశా వందేళ్లకి గానీ తెలియదని 1910లోనే రాశాడాయన. ఆ మ్యూజియంలో సొరుగు లాగితే దూది కూరిన చిన్న చిన్న చిప్‌మంక్ చర్మాలు బోర్లా, వరసగా ఉంటాయి. వెనక కాలికి దారంతో చీటీ, దాని మీద సిరాతో పట్టిన చోటు, తేదీ, ఎత్తు, తోక పొడవు. చారలింకా చెరిగిపోలేదు. చర్మంలోంచి చిన్న ముక్క తీస్తే చాలు, వందేళ్ల కిందటి డీఎన్ఏ దొరుకుతుంది. మొదటిసారి ఆ చీటీ చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు ఊపిరాడలేదు నాన్నా.

2003 నుంచి బర్కిలీ వాళ్ళు మళ్ళీ అవే చోట్లకి వెళ్ళి చూశారు. ఈ వందేళ్లలో అక్కడ రాత్రుల వేడి దాదాపు 3 డిగ్రీలు పెరిగింది. ఆల్పైన్ చిప్‌మంక్ అనే రకం ఒకప్పుడు ఉన్న కింది చోట్లు వదిలేసి సుమారు 500 మీటర్లు పైకి జరిగింది. పైకి పోయేకొద్దీ కొండ సన్నబడుతుంది కదా. చోటు తగ్గింది, గుంపులు చిన్నవై ఒకదానికొకటి దూరమయ్యాయి. పాత చర్మాల డీఎన్ఏతో పోల్చి చూస్తే జన్యువుల్లో ఉండే రకరకాల తేడాలు తగ్గాయి, గుంపుకీ గుంపుకీ మధ్య ఎడం మాత్రం పెరిగింది. అదే కొండ మీద ఉండే లాడ్జ్‌పోల్ చిప్‌మంక్ అనే ఇంకో రకానికి అలాంటి మార్పేమీ కనబడలేదు. ఒకే కొండ, ఒకే వేడి, రెండింటికీ రెండు గతులు. నన్ను పట్టుకుని వదలనిది ఇదే.

విడిపోయినంత మాత్రాన జన్యువులు ఎందుకు మారతాయని మీరు అడిగారు నాన్నా. పది ఇళ్ల పల్లెలో ఒక తరంలో ఎవరికో అందరూ ఆడపిల్లలే పుడితే ఆ ఇంటిపేరు అక్కడితో ఆగిపోతుంది, ఎవరి తప్పూ లేదు. చిన్న గుంపుల్లో జన్యువులూ అంతే. ఏది మిగులుతుందో, ఏది పోతుందో చాలావరకు అదృష్టమే. ఈ కొండ మీద ఒకటి పోతుంది, ఆ కొండ మీద ఇంకొకటి. రాకపోకలుంటే పోయింది మళ్ళీ వచ్చి చేరేది. అవి లేవు. కొత్త తేడాలు మ్యూటేషన్ల వల్ల, అంటే జన్యువుల్లో వాటంతటవే వచ్చే మార్పుల వల్ల, పుట్టాలంటే వేల ఏళ్లు పడుతుంది. అందుకే నాకు ఒక్కోసారి నిద్ర పట్టదు.

పైకా అని ఇంకొకటుంది, కుందేలు జాతి, అరచేతిలో పట్టేంత. రాళ్ల గుట్టల్లో ఉంటుంది. చలికాలం నిద్రపోదు, అందుకని వేసవంతా గడ్డి కోసి రాళ్ల కింద కుప్ప వేసుకుంటుంది. నోట్లో అడ్డంగా పూల కాడలు పట్టుకుని పరుగెత్తుకొస్తుంటే చూడాలమ్మా, నీకు చాలా నచ్చేది. నీడ లేకుండా 26, 28 డిగ్రీల ఎండలో కొన్ని గంటలుంటే చచ్చిపోతుంది పాపం. అందుకే వేడి లోయ దాటి పక్క కొండకి పోలేదు. మంచుయుగంలో లోయలు చల్లగా ఉన్నప్పుడు ఇవి కిందిదాకా ఉండేవి. వేడెక్కాక ఎక్కడివక్కడ పైకెక్కి చిక్కుపడ్డాయి. పెద్ద పర్వతశ్రేణుల మధ్య ఎడం అంతకన్నా పాతది. కాస్కేడ్, సియెరా నెవాడా, ఉత్తర రాకీ, దక్షిణ రాకీ, మధ్య యూటా అని ఐదు శాఖలు డీఎన్ఏలో స్పష్టంగా కనిపిస్తాయి. పైకి చూస్తే అన్నీ ఒకటే.

బోడీ అని ఎప్పుడో మూతపడ్డ బంగారు గనుల ఊరుంది. గనుల్లోంచి తవ్విపోసిన రాళ్లలో కూడా పైకాలు కాపురం పెట్టాయి. వాటిలో దక్షిణం వైపు గుట్టలు ఒక్కొక్కటే ఖాళీ అయిపోయాయి. అక్కడ నిలబడితే దిగులేసింది.

తమ్ముడు పేపర్లో హాంటావైరస్ గురించి చదివి మిమ్మల్ని భయపెట్టాడని తెలుసు. 2012లో యోసెమిటీలో ముగ్గురు చనిపోయిన మాట నిజమే. అది ఎలకల మలమూత్రాల నుంచి వస్తుంది. మేం బోను విప్పేటప్పుడు చేతులకి గ్లవ్స్, ముక్కుకి మాస్క్ లేకుండా దగ్గరికే పోము. చెవి అంచు నుంచి చిన్న చుక్కంత చర్మం తీసుకుని, పట్టిన చోటే వదిలేస్తాం. ఒంటరిగా ఎప్పుడూ కొండెక్కను, ఎప్పుడూ ఇద్దరం ముగ్గురం ఉంటాం. టెన్షన్ పడకు.

సాయంత్రాలు మాత్రం ఇల్లు గుర్తొస్తుంది. అది అబద్ధం చెప్పను.

మోకాళ్లకి రాసే నూనె మానేశావని నాన్న అన్నారు. మళ్ళీ మొదలుపెట్టు. తమ్ముడి ఇంటర్వ్యూ ఏమైందో వాణ్ణి రాయమను, నాకు ఫోన్‌లో అన్నీ బాగానే ఉన్నాయనే చెప్తాడు.

నాన్నా, మీ కంటి ఆపరేషన్ డిసెంబర్ దాకా ఆగుతుందేమో డాక్టరుగారిని అడగండి. ఆగుతుందంటే టికెట్ ఆ తారీఖు చూసుకునే తీసుకుంటాను, దగ్గరుండి చేయిస్తాను. ఆగదంటే మాత్రం దాచకుండా వెంటనే చెప్పండి.

మీ చిన్ని